‘వద్దు’ నొక్కితే ఏమంటుంది?

ప్రశ్న: మాస్టారూ, ఫలానా యాప్ బాగుంది, ఫలానాది దండగ అని మీరు రెండు ముక్కల్లో తేల్చేస్తుంటారు. అసలు మీరు ఎలా చూస్తారు? కాసేపు వాడి రాసేస్తారా, లేక ఏదైనా పద్ధతి ఉందా?

జవాబు: ముందు ఒక మాట. నేను మాస్టార్ని కాను. ముప్ఫయ్యేళ్లు అచ్చు ప్రూఫులు దిద్దినవాణ్ని. ఉత్తరాలు రాసేవాళ్లంతా మాస్టారూ అంటున్నారు కాబట్టి ఆ ఒక్కటీ దిద్దడం మానేశాను.

నా దగ్గర పాత ఫోను ఒకటుంది. తెర కుడిమూల పగిలింది. వాల్యూమ్ బటన్ లోపలికి దిగబడిపోయింది. సిమ్ తీసేశాను. అందులో కాంటాక్టులు లేవు, ఫొటోలు లేవు, బ్యాంకు యాప్ అసలే లేదు. స్టోర్‌లోకి వెళ్లడానికి విడిగా ఒక అకౌంటు పెట్టుకున్నాను. మా మనవరాలు దానికి ‘బలిమేక’ అని పేరు పెట్టింది. ఏ కొత్త యాప్ అయినా ముందు బలిమేకలోకే ఎక్కుతుంది.

తెరవగానే వరసగా అడగడం మొదలవుతుంది కదా, లొకేషన్ ఇస్తావా, కాంటాక్టులు చూడనిస్తావా, నోటిఫికేషన్లు పంపనా, అకౌంటు తెరుస్తావా అని. నేను అన్నిటికీ ‘వద్దు’ నొక్కుతాను. ఇది మొండితనం కాదు, నా పరీక్షే ఇది. వద్దన్నాక ఏం చేస్తుందో చూస్తే యాప్ గుణం సగం బయటపడుతుంది. మంచిదైతే సరేనని తన పని తను చేసుకుపోతుంది. ఆ పర్మిషన్ లేనిదే కుదరని పని వచ్చినప్పుడు మాత్రం ఆగి, ఎందుకు కావాలో చెప్పి మళ్లీ అడుగుతుంది. మాయదారిది గుమ్మంలోనే అడ్డంగా కూర్చుంటుంది. కాలిక్యులేటర్‌కి నా కాంటాక్టులు ఇవ్వనిదే కూడికలు చెయ్యనంటే, అది వచ్చింది కూడికల కోసం కాదన్నమాట.

ఇలా ఒక్కోదానికి విడిగా వద్దనే వెసులుబాటు ఆండ్రాయిడ్‌లో 2015లో, 6వ వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే అన్నీ కట్టగట్టి ఒప్పుకోవాలి. 11వ వెర్షన్ నుంచి ‘ఈ ఒక్కసారికే’ అని ఇవ్వచ్చు. 12 నుంచి లొకేషన్ అడిగితే ఉన్న చోటు కచ్చితంగా కాకుండా ఉజ్జాయింపుగా చెప్పి ఊరుకోవచ్చు. నేను వాతావరణం యాప్‌లకు ఎప్పుడూ ఉజ్జాయింపే ఇస్తాను. వాన నా కుర్చీ ఒక్కదాని మీదే కురవదు కదా.

తర్వాత ఫ్లైట్ మోడ్ పెట్టి, నెట్ లేకుండా తెరుస్తాను. నోట్సు రాసుకునే యాప్ అప్పుడు కూడా రాసుకోనివ్వాలి. ఆపైన వేలి లెక్క. తెరిచిన దగ్గర్నుంచి నాకు కావలసిన పని అయ్యేదాకా ఎన్నిసార్లు నొక్కాలి? మొన్న ఒక అలారం యాప్‌లో ఉదయం ఐదింటికి అలారం పెట్టడానికి 11 సార్లు నొక్కాను. మధ్యలో రెండు యాడ్లు. ఫోనుతో పాటు వచ్చిన గడియారంలో అదే పని నాలుగు నొక్కుల్లో అయింది. పుస్తకంలో ‘11/4’ అని రాసుకుని తీసేశాను. నోటిఫికేషన్లకు మాత్రం మర్నాడు ‘సరే’ అంటాను. అనేసి వారం పాటు దాని మొహం చూడను. ఎనిమిదో రోజు ఎన్ని పంపిందో లెక్కపెడతాను. ‘మిమ్మల్ని మిస్ అవుతున్నాం’ అని ఒక టేప్ కొలత యాప్ రాసింది నాకు.

ఈ ‘వద్దు’ గొడవ నా చాదస్తం అనుకుంటారేమో. 2013లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక టార్చి లైటు యాప్ మీద చర్య తీసుకుంది. లైటు వెలిగించడం తప్ప వేరే పని లేని ఆ యాప్, వాడేవాళ్ల లొకేషన్‌ను యాడ్ కంపెనీలకు చేరవేస్తోంది. అందులో ‘నిరాకరిస్తున్నాను’ అనే బటన్ కూడా ఉంది. కానీ మనిషి ఆ బటన్ దాకా వేలు తెచ్చేలోపే సమాచారం వెళ్లిపోతోందని కమిషన్ తేల్చింది. అంచేత బటన్ ఉన్నంత మాత్రాన నేను సంబరపడను. సెట్టింగ్స్‌లోకి వెళ్లి అక్కడ కూడా కట్టేసి ఉందో లేదో చూస్తాను.

ప్రశ్న: 4.6 రేటింగు ఉన్న యాప్ వేసుకుంటే చెత్తగా ఉంది. స్టార్లు నమ్మొచ్చా?

జవాబు: ఆటలో లెవెల్ గెలిచి, తెర మీద రంగులు చిమ్ముతున్న క్షణాన ‘మాకు ఎన్ని స్టార్లు?’ అని అడుగుతారు. ఓడిపోయినప్పుడు అడిగిన ఆట నేను ఇంతవరకు చూడలేదు. ఐఫోన్‌లో స్టార్లు అడిగే తన సొంత పెట్టెను ఏడాదిలో మూడుసార్లకు మించి చూపించకుండా ఆపిల్ 2017లో కట్టడి పెట్టింది కానీ, ఏ క్షణంలో అడగాలన్నది ఇప్పటికీ యాప్ వాళ్ల ఇష్టమే.

నేను మూడు స్టార్ల రివ్యూలు చదువుతాను. ఒక్కటిచ్చినవాడు కోపంలో ఉంటాడు, ఐదిచ్చినవాడు తొందరలో ఉంటాడు. మూడిచ్చినవాడు కూర్చుని ఆలోచించి ఉంటాడు. అవి కూడా ‘కొత్తవి ముందు’ అని వరస మార్చుకుని చదవండి. ఆ కిందనే చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో, అదే డెవలపర్ ఇంకేం చేశాడో కనిపిస్తుంది. ఒకే మనిషి పేరు మీద వాల్‌పేపర్లు, జాతకాలు, వైరస్ క్లీనర్, స్పీకర్ చప్పుడు పెంచేది, అన్నీ ఉంటే నేను అక్కణ్నుంచే వెనక్కి తిరుగుతాను.

ప్రశ్న: ఒకేలాంటి అంకెల పలకలను జరిపి కలుపుతూ 2048 దాకా పెంచే ఆట, అదే ‘2048’, అంటే నాకు ప్రాణం. స్టోర్‌లో ఆ పేరుతో లెక్కలేనన్ని ఉన్నాయి. ఏది వేసినా రెండు ఆటలకొకసారి యాడ్. ఇందులో అసలైనది ఏది? ఎంత ఆడినా 1024 దాటడం లేదు, అదొక దిగులు.

జవాబు: గాబ్రియేలే చిరుల్లి అనే ఇటలీ కుర్రాడు 2014 మార్చిలో, 19 ఏళ్ల వయసులో, ఒక వారాంతంలో కూర్చుని రాశాడు ఆ ఆటని. రాసి వెబ్‌లో పెట్టాడు, కోడ్‌ను ఎవరైనా తీసుకోవచ్చని వదిలేశాడు. అంతే, తీసుకున్నారు. పేరు అదే, పలకలు అవే, కొత్తగా కలిపింది యాడ్లు మాత్రమే. ఫోను బ్రౌజర్‌లో చిరుల్లి పేజీ తెరిచి ఆడుకుంటే ఏ యాప్ అక్కర్లేదు. ఇంకో సంగతి. ఈ ఊహకు మూలం ‘త్రీస్’ అనే ఆట. అదే ఏడాది ఫిబ్రవరిలో వచ్చింది. దాన్ని చెక్కడానికి ఏడాదికి పైగా పట్టింది. నెల తిరిగేసరికి వారాంతంలో పుట్టింది దాని పేరు మింగేసింది. నా ఓటు మాత్రం త్రీస్‌కే. అందులో ఒకటీ రెండూ కలిస్తేనే మూడు, ఆపైన ఒకేలాంటివి కలవాలి. చేతికి కాస్త ఎక్కువ పని.

ఇక 1024 దిగులు. అన్నిటికన్నా పెద్ద పలకను కింది మూలకు చేర్చండి, ఎడమ అయినా సరే కుడి అయినా సరే. ఇక అక్కణ్నుంచి కదపకండి. కిందికి, పక్కలకు మాత్రమే జరపండి. పైకి జరపడం అన్నది లేదనుకోండి. పైకి జరిపారా, ఆ మూల ఖాళీ అయి, ప్రతి జరుపుకూ కొత్తగా పుట్టే 2 అక్కడొచ్చి కూర్చుంటుంది, దాన్ని లేపడానికి మీ తాతలు దిగిరావాలి. కింది వరుస నాలుగు గళ్లూ నిండి, పక్కపక్కన ఒకేలాంటివి లేకపోతే, ఎడమకూ కుడికీ ఎంత జరిపినా ఆ వరుస కదలదు. అదీ కిటుకు. వరుసను ముందు నింపండి, ఆ తర్వాతే పైన గంతులెయ్యండి.

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. వాడి ఆటలో ‘ప్రాణాలు’ అయిపోతే కొనిపెట్టమని ఏడుస్తాడు. ఆట మాన్పించాలని లేదు. యాడ్లు, కొనుగోళ్లు లేని ఆట ఏదైనా చెప్పండి అన్నయ్యా.

జవాబు: ఏడుపు వాడి తప్పు కాదమ్మా, ఆ చోట ఏడుపు రావాలనే ఆ ఆటను అలా కట్టారు. క్యాండీ క్రష్ సాగా తీసుకోండి. ఐదు ప్రాణాలు ఇస్తారు. ఒకటి పోతే అది తిరిగి రావడానికి 30 నిమిషాలు. అయిదూ పోయాక, స్నేహితులు ప్రాణం పంపితే తప్ప, పిల్లవాడి ముందు రెండే దారులు, ఆగడం లేదా కొనడం. ఆట బాగానే ఉంటుంది, కాదనను. కానీ అక్కడ అమ్మకానికి పెట్టిన సరుకు మిఠాయిలు కాదు, ఆ అరగంట.

నాణేల సంగతి నేను పడి నేర్చుకున్నాను. పేరెందుకులెండి, తోట పెంచే ఆట ఒకటి. వంతెన కట్టడానికి 400 నాణేలు కావాలి. అమ్మేదేమో 300 మూట, లేదంటే 1000 మూట. వెయ్యి కొన్నాను. వంతెన కట్టాక 600 మిగిలాయి. మిగిలినవి పారేస్తామా? వాటితో ఏం కొనాలా అని మూడు రోజులు ఆ తోటలోనే తిరిగాను. నాలుగో రోజు 650 నాణేల బాతుల కొలను వచ్చింది. నా వయసు అరవై మూడు. ఎనిమిదేళ్లవాణ్ని నేనేం అనను?

ఇంకా లోపలికి వెళ్తే మూసిన పెట్టెలు ఉంటాయి, తెరిస్తే ఏమొస్తుందో తెలియదు. ఏది ఎన్ని వంతుల్లో వస్తుందో ముందే చెప్పాలని ఆపిల్ 2017 డిసెంబరులో నిబంధన పెట్టింది. 2018లో బెల్జియం గేమింగ్ కమిషన్ అయితే కొన్ని ఆటల్లోని ఆ పెట్టెలు జూదమేనంది.

మీ బాబుకి ‘మినీ మెట్రో’ ఇచ్చి చూడండి. న్యూజిలాండ్‌లోని డైనోసార్ పోలో క్లబ్ వాళ్లు చేశారు. ఒకసారి కొంటే అయిపోయింది, లోపల మళ్లీ దుకాణం ఉండదు. తెల్లటి కాగితం మీద మూడు స్టేషన్లతో మొదలవుతుంది. ఒకటి గుండ్రం, ఒకటి త్రికోణం, ఒకటి చదరం. వేలితో గీత గీస్తే రైలు నడుస్తుంది. ప్రయాణికులు కూడా చిన్న చిన్న ఆకారాలే. చదరపు మనిషికి ఏదో ఒక చదరపు స్టేషన్ చాలు. కొత్త స్టేషన్లు వాటంతట అవే మొలుస్తుంటాయి, నది అడ్డొస్తుంది, సొరంగాలేమో లెక్కపెట్టి ఇస్తారు. వారం తిరిగేసరికి ఇంకో రైలు చేతిలో పెట్టి, బోగీ కావాలా కొత్త మార్గం కావాలా ఎంచుకోమంటారు. ఒక స్టేషన్‌లో జనం మరీ కిక్కిరిసి, ఎంతకీ తగ్గకపోతే ఆట అయిపోతుంది. మా మనవరాలు గుండ్రాలన్నీ ఒకే గీత మీద గుచ్చి, ఎవరూ ఎక్కడికీ వెళ్లలేని మెట్రో కట్టింది మొదటి రోజు. రెండో రోజుకల్లా ఆకారాలు మార్చి మార్చి కలిపితేనే నడుస్తుందని తనే కనిపెట్టింది. నెట్ తీసేసినా ఆట ఆగదు.

ఇంకొక పని ఈ రోజే చెయ్యండి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ గానీ వేలిముద్ర గానీ అడిగేలా మార్చండి. ఈలోపు పొరపాటున ఏదైనా కొనేసి ఉంటే, కొన్న 48 గంటల్లోపు గూగుల్‌కే రిఫండ్ అడగొచ్చు. ఆ గడువు దాటితే ఆట చేసినవాళ్లను బతిమాలుకోవాలి.

ప్రశ్న: ఫోను నెమ్మదించింది. మెమరీ ఖాళీ చేస్తామనే ర్యామ్ బూస్టర్ యాప్‌లలో ఏది మంచిది?

జవాబు: ఏదీ కాదు. వాడనప్పుడు యాప్‌లను మెమరీలో నిద్రపుచ్చి ఉంచడం ఆండ్రాయిడ్ కావాలని చేసే పని, మళ్లీ పిలవగానే చటుక్కున లేవడానికి. బూస్టర్ వాటిని చంపుతుంది. అవి మళ్లీ మొదట్నుంచి లేస్తాయి, ఆ లేవడానికి బ్యాటరీ కాలుతుంది. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిచి చూడండి. నిండుకుండలా ఉంటే పాత వీడియోలు తియ్యండి, ఫోను ఒకసారి ఆపి వెయ్యండి.

ప్రశ్న: ఫొటోలు దిద్దే యాప్ ఒకటి నచ్చక ఎప్పుడో తీసేశాను. అయినా నెలనెలా డబ్బులు కట్ అవుతున్నాయి!

జవాబు: ఫోనులోంచి బొమ్మ తీసేస్తే ఒప్పందం తెగదండీ. ప్లే స్టోర్‌లో పైన మీ ఫొటో మీద నొక్కితే పేమెంట్లు, సబ్‌స్క్రిప్షన్లు అని ఉంటుంది. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లో మీ పేరు మీద నొక్కాలి. అక్కడ రద్దు చెయ్యండి. ఉచితంగా వాడి చూడమన్నప్పుడు కూడా నేను చేరిన నిమిషంలోనే రద్దు చేస్తాను. చాలా వాటిలో గడువు దాకా మామూలుగానే పనిచేస్తుంది.

ప్రశ్న: డెబ్బై దాటాయి. మెదడుకు మేత ఆటలు ఆడితే మతిమరుపు రాదని ప్రకటనల్లో చూశాను. ఒకటి చెప్పండి.

జవాబు: అంత మాట అన్నందుకే 2016లో ల్యుమోసిటీ అనే మెదడు ఆటల యాప్ వాళ్లు అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 20 లక్షల డాలర్లు కట్టి రాజీ పడ్డారు. తమ ఆటలు వయసుతో వచ్చే మతిమరుపును ఆపుతాయని చెప్పుకోవడానికి వాళ్ల దగ్గర ఆధారం లేదన్నది అభియోగం. కాబట్టి మందులా కాదు, ఆటలాగే ఆడండి.

సైమన్ టాథమ్ అనే ఇంగ్లండు ప్రోగ్రామరు రాసిన పజిల్స్ మూట ఉంది, ఆయన పేరుతోనే వెతకండి. దాదాపు 40 రకాలు, ఉచితం, యాడ్లు లేవు, అకౌంటు అడగదు. బలిమేకలో వేసినప్పుడు నాకు ‘వద్దు’ నొక్కే అవకాశమే రాలేదు, అది ఏదీ అడగందే. అందులో ‘మైన్స్’ మొదలుపెట్టండి. పాత కంప్యూటర్లలో మందుపాతరలు వెతికే ఆటే. తేడా ఎక్కడంటే, చివరికి వచ్చి రెండు గళ్లు మిగిలితే పాత ఆటలో గుడ్డిగా ఊహించాల్సి వచ్చేది. ఇందులో ఊహ అక్కర్లేకుండా ఆలోచనతోనే తేలేలా గడిని తయారుచేస్తుంది. పేలిందంటే నేనే తప్పు చదివానన్నమాట. ప్రూఫులు దిద్దినవాడికి ఆ న్యాయం నచ్చుతుంది. చదరంగం వస్తే లీచెస్ కూడా వేసుకోండి. విరాళాల మీద నడుస్తుంది, యాడ్ అన్నది కనపడదు.

ప్రశ్న: తాతగారూ, నేను ఇంటర్ చదువుతున్నాను. ఆటలన్నీ బోర్ కొట్టాయి. ఫోనుతో నిజంగా ఏదైనా ‘చేసే’ యాప్ చెప్పండి.

జవాబు: ‘ఫైఫాక్స్’ వేసుకో తల్లీ. జర్మనీలో ఆహెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఫిజిక్స్ విభాగం వాళ్లు 2016లో విడుదల చేశారు, ఉచితం. ఫోనులో ఉండే సెన్సర్లన్నిటినీ కొలత పనిముట్లుగా మార్చి నీ చేతికిస్తుంది. మైకు కావలసిన ప్రయోగం తెరిస్తేనే మైకు అడుగుతుంది. వద్దంటే ఆ ప్రయోగం ఒక్కటే ఆగుతుంది, మిగతావి మామూలే. నేను చెప్పే మర్యాద అదే.

శబ్దం వేగం కొలుద్దాం. రెండు ఫోన్లు కావాలి, ఇద్దరు మనుషులు కావాలి. రెంటిలోనూ ‘అకూస్టిక్ స్టాప్‌వాచ్’ తెరవండి. ఒక చప్పుడుకు మొదలై, రెండో చప్పుడుకు ఆగే గడియారం అది. ఫోన్లను సరిగ్గా 5 మీటర్ల దూరంలో నేల మీద పెట్టండి. నువ్వు నీ ఫోను పక్కన చప్పట్లు కొట్టు. నీ గడియారం వెంటనే మొదలవుతుంది. అవతలిది శబ్దం అక్కడికి చేరాక, అంటే రవ్వంత ఆలస్యంగా మొదలవుతుంది. రెండు క్షణాలాగి అవతలి మనిషి తన ఫోను పక్కన కొట్టాలి. ఈసారి వాళ్లది వెంటనే ఆగుతుంది, నీది ఆలస్యంగా. అంచేత నీ గడియారం ఎక్కువ చూపిస్తుంది, వాళ్లది తక్కువ. ఆ తేడా, శబ్దం 10 మీటర్లు నడవడానికి పట్టిన కాలం.

మేం చేసినప్పుడు మొదటి నాలుగుసార్లూ గడియారం ఫ్యాను చప్పుడుకే మొదలైపోయింది. ఫ్యాను ఆపి, యాప్‌లో ‘థ్రెషోల్డ్’ అంకె, అంటే ఎంత చప్పుడుకు మొదలవాలన్నది, పెంచాక దారికొచ్చింది. ఐదోసారి నా ఫోనులో 2.431 సెకన్లు, మనవరాలి ఫోనులో 2.402. తేడా 0.029. పదిని దానితో భాగిస్తే సెకనుకు 345 మీటర్లు. 20 డిగ్రీల గాలిలో ఉండాల్సింది సుమారు 343. చెక్క స్కేలుతో నేల మీద గీతలు గీసుకున్న మాకు ఆ రెండు మీటర్ల తేడా లెక్కలోది కాదు. మనవరాలు ఆ కాగితం దాచుకుంది. నువ్వు చేశాక నీకెంత వచ్చిందో రాయి.

ప్రశ్న: రెండేళ్ల కింద మీరు ఇదే శీర్షికలో ఒక డాక్యుమెంట్ స్కానర్ యాప్‌ను ఆకాశానికెత్తారు. మీ మాట నమ్మి ఇంటిల్లిపాదీ వేసుకున్నాం. ఇప్పుడది స్కాన్ చేసిన ప్రతి కాగితానికీ ఒక యాడ్ చూపిస్తోంది, సేవ్ చెయ్యాలంటే సబ్‌స్క్రిప్షన్ అంటోంది. దీనికేమంటారు?

జవాబు: తప్పు నాదే. ఒకసారి చూసి మెచ్చుకున్నాను, మళ్లీ వెనక్కి వెళ్లి చూడలేదు. పుస్తకం అచ్చయ్యాక అక్షరాలు మారవు, యాప్ అలా కాదు. అప్‌డేట్ పేరుతో రాత్రికి రాత్రి ఇంకొకటి అయిపోతుంది, దాని గుర్తు మాత్రం అదే చోట కూర్చుని ఉంటుంది. ఇంతకన్నా ఘోరం 2020 డిసెంబరులో జరిగింది. ఏళ్ల తరబడి బుద్ధిగా పనిచేసి, కోటికి పైగా ఫోన్లలో చేరిన ఒక బార్‌కోడ్ స్కానర్ ఒక్క అప్‌డేట్‌తో ఎవరూ నొక్కకుండానే బ్రౌజర్ తెరిచి యాడ్లు చూపించడం మొదలుపెట్టింది. గూగుల్ దాన్ని స్టోర్‌లోంచి తీసేసింది. కానీ అప్పటికే ఫోనులో ఉన్నది దానంతట పోలేదు, ఎవరిది వాళ్లు తీసుకోవాల్సి వచ్చింది.

మీ ఉత్తరం రాగానే ఆ స్కానర్‌ను మళ్లీ బలిమేకలోకి ఎక్కించాను. డెవలపర్ పేరు మారింది. నా పాత పుస్తకంలో ఉన్న పేరు ఇది కాదు. తెరిచాను. కెమెరా కంటే ముందు లొకేషన్ అడిగింది. ‘వద్దు’ కోసం వెతికాను. ఆ పెట్టెలో రెండే బటన్లు ఉన్నాయి, ‘సరే’ అని ఒకటి, ‘తర్వాత’ అని ఒకటి. ‘తర్వాత’ నొక్కాను. నాలుగు క్షణాలకు మళ్లీ అడిగింది.

పుస్తకంలో ఆ పేజీని ఎర్రసిరాతో కొట్టేశాను. మీకు కొత్త యాప్ అక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో గూగుల్ డ్రైవ్ యాప్‌లోనే కెమెరా గుర్తు నొక్కితే స్కాన్ అయి పీడీఎఫ్ వస్తుంది. ఐఫోన్‌లో 2017 నుంచి నోట్స్‌లోనే ఉంది ఆ సదుపాయం. పాత స్కానర్‌లో ఉండిపోయిన మీ కాగితాలను ముందు బయటికి తీసుకున్నాకే దాన్ని తియ్యండి. ఒకట్రెండు సేవ్ కాకుండా మొండికేస్తే, వాటిని తెర మీద పెద్దవి చేసి స్క్రీన్‌షాట్ తీసుకోండి. దానికి సబ్‌స్క్రిప్షన్ అక్కర్లేదు.